ఆధార్ తాళంచెవి మన దగ్గరే ఉండాలంటే ఏం చెయ్యాలి

వేలు పెడితే రేషన్ వస్తోంది, వేలు పెడితే పెన్షన్ వస్తోంది, మంచిదే, మధ్యలో తినేవాళ్ళు కొంత తగ్గారు. కానీ అదే మిషన్ కాదంటే మనకి రావాల్సింది కూడా ఆగిపోతోంది, అందుకే మన చేతిలో ఉన్నవైనా వాడుకోవాలి అని ఇది రాస్తున్నా.

అన్నిటికంటే ముందు బయోమెట్రిక్ లాక్, అంటే మన వేలిముద్ర, కంటిపాప, ముఖం పెట్టి ఆధార్ ఎవరూ వాడకుండా తాళం వెయ్యడం. అది ఎందుకో చెప్తా. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల డిస్ట్రిబ్యూటర్ ఏం చేశాడంటే, భూముల రిజిస్ట్రేషన్ కాగితాలు ఆన్‌లైన్లో ఉంటే వాటి మీదున్న జనాల వేలిముద్రలు తీసుకుని, రబ్బరు స్టాంపులు చేసినట్టే నకిలీ ముద్రలు చేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేసి దొరికిపోయాడు. ఆ కాగితాలు నెట్‌లో పెట్టింది ప్రభుత్వమే, పొలం అమ్ముకున్న రైతు కాదు.

మైఆధార్ సైట్‌లో నంబర్ కొట్టి ఓటీపీతో లాగిన్ అయితే లాక్ అన్‌లాక్ బయోమెట్రిక్స్ అని ఉంటుంది, లాక్ చేసెయ్యండి. ఓటీపీ పనులు మామూలుగానే నడుస్తాయి, వేలు, కంటిపాప, ముఖం మాత్రం పనిచెయ్యవు. ఇంట్లో పెద్దవాళ్ళవి లాక్ చేస్తే మాత్రం జాగ్రత్త, ఆంధ్రాలో ఒకటో తారీఖున ఊరి సచివాలయం వాళ్ళు పెన్షన్ తెచ్చినప్పుడు మిషన్ తీసుకోక అమ్మమ్మ కంగారు పడిపోతుంది, కాబట్టి ఆ టైంకి మీరే టెంపరరీగా అన్‌లాక్ చేసిపెట్టాలి. అది కుదరకపోతే వాళ్ళవి లాక్ చెయ్యకపోవడమే నయం.

అదే సైట్‌లో అథెంటికేషన్ హిస్టరీ కూడా చూడండి, దాదాపు ఎవరూ చూడరు దాన్ని. ఆరు నెలల్లో మీ ఆధార్ ఏ రోజు, ఏ టైంకి, ఓటీపీతోనా వేలితోనా, ఏ సంస్థ వాడిందో వస్తుంది. మీరు చెయ్యనిది కనిపిస్తే వెంటనే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఫోన్ చెయ్యండి, బ్యాంకు పేరు ఉంటే బ్యాంకుకి కూడా రాతపూర్వకంగా ఇవ్వండి.

లాడ్జిలో, అద్దె ఇంట్లో ఆధార్ జిరాక్స్ అడిగితే ఓటర్ కార్డో లైసెన్సో ఇవ్వండి, తప్పదంటే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి ఇవ్వండి, అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి.

మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో కేంద్ర టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో తెలుస్తుంది, మీది కానిదాన్ని అక్కడే నాది కాదు అని రిపోర్ట్ చెయ్యొచ్చు. చాలా పనికొచ్చే సైట్ అది. కానీ 2025 చివర్లో అదే పేరుతో ఉన్న యాప్ ప్రతి కొత్త ఫోన్లో ముందే వేసి ఇవ్వాలని కేంద్రం కంపెనీలకి ఆర్డర్ వేసింది, జనం గట్టిగా అభ్యంతరం చెప్పాక కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకుంది. మనం కావాలని వాడుకోవడం వేరు, మన ఫోన్లోకి అది తనే వచ్చి కూర్చోవడం వేరు, ఈ తేడా వదులుకోకూడదు అంటాను నేను.

ఇంక కంప్యూటరే మీకు అర్హత లేదు అని తేల్చేస్తే ఏం చెయ్యాలి? తెలంగాణలో 2016 నుంచి సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి, చాలామందికి ముందుగా నోటీసు కూడా లేదు, చివరికి 2022లో సుప్రీంకోర్టు ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ చెక్ చెయ్యమనాల్సొచ్చింది. లేని కారు ఉన్నట్టు, వేరేవాళ్ళ పొలం మనదైనట్టు డేటాలో కలిసిపోతే పోయేది తిండి గింజలు. సిస్టంలో అలా చూపిస్తోంది అంటే ఊరుకోకండి. ఏ కారణంతో తీసేశారు, ఏ రికార్డు చూసి తీసేశారు, ఏ అధికారి ఆర్డర్ ఇచ్చారు అని మూడు ప్రశ్నలు ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తులో తెలుగులోనే రాసి ఇవ్వండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వెయ్యండి. ఇచ్చిన ప్రతి కాగితానికి తారీఖుతో రసీదు మాత్రం తప్పకుండా తీసుకోండి, రేపు అప్పీల్లో అడిగేది దాన్నే.