రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత నడక, ఇంటిపని, అలిపిరి మెట్లు మళ్ళీ ఎలా మొదలుపెట్టాలి?

ఆపరేషన్ అయి ఇంటికి రాగానే చూడ్డానికి వచ్చినోళ్ళంతా చెప్పే మాట "ఆ చెయ్యి కదిలించొద్దు మా" అని. అది సగమే కరెక్ట్. ఆపరేషన్ అయిన పక్క చేత్తో బరువు ఎత్తకూడదు గానీ ఆ చెయ్యి కదలాల, లేకపోతే భుజం పట్టేసి తర్వాత జాకెట్ తొడుక్కోవాలన్నా, జడ వేసుకోవాలన్నా ఇంకొకరు కావాల్సి వస్తుంది.

స్టెప్ 1: డ్రెయిన్ గొట్టం (గాయంలో చేరే నీరు బయటికి పోయేదానికి పెట్టేది) ఉన్నన్ని రోజులు
పిడికిలి మూసి తెరవడం, మోచెయ్యి మడిచి చాపడం, భుజాలు మెల్లగా తిప్పడం. ఒక్కోటి 5-7 సార్లు, రోజుకి మూడు నాలుగు మార్లు. చెయ్యి భుజం ఎత్తు దాటనీయొద్దు. ఇంట్లో నడవండి.

స్టెప్ 2: గొట్టం తీసేసి డాక్టర్ సరే అన్నాక
గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళని గోడమీద పాకిస్తా పైకి తీసుకుపోండి, ఎందాక పోయిందో పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే వారం తర్వాత మీకే తెలుస్తుంది. లాగినట్టు ఉంటే పర్లేదు, పొడిచినట్టు నొప్పొస్తే ఆపేయాల. కొందరికి చంకలోంచి మోచెయ్యి దాకా తీగ బిగించినట్టు ఉంటుంది, ఫిజియోకి చూపిస్తే సాగదీసే ఎక్సర్‌సైజులతో చాలామందికి తగ్గిపోతుంది. రేడియేషన్ జరిగేటప్పుడూ, అయిపోయాక కూడా ఇవి మానొద్దు, కండ బిగుసుకునేది అప్పుడే.

స్టెప్ 3: వంటిల్లు
మన పక్క అసలు చిక్కు సంగటితోనే. కుండ పట్టుకుని కట్టెతో గట్టిగా గెలకడమంటే భుజం, ఛాతీ కండలన్నిటికీ పని. మామూలుగా 4-6 వారాలు అది ఇంట్లో వేరేవాళ్ళే చెయ్యాల. తడి దుప్పట్లు పిండడం కూడా. 20 లీటర్ల వాటర్ క్యాన్ అంటే 20 కిలోలు, దాని జోలికే పోవద్దు. రొమ్ముని మళ్ళీ కట్టే సర్జరీ కూడా అయ్యుంటే ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది, మీ సర్జన్‌నే అడగండి.

ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు (నోడ్స్) కూడా తీసుంటే ఆ చేతి గాజుల మీద ఒక కన్నేసి ఉంచండి. వదులుగా ఉన్నవి బిగుసుకుంటా ఉంటే వాపు మొదలైనట్టు, తీసేసి డాక్టర్‌కి చూపించండి. చెయ్యి ఎర్రగా, వేడిగా అయి జ్వరం కూడా ఉంటే అదే రోజు ఆస్పత్రికి.

స్టెప్ 4: బయట నడక, మెట్లు
తిరుపతి ఎండ తెలిసిందే కదా, పొద్దున్నే యూనివర్సిటీ పక్కో, కపిలతీర్థం రోడ్డు పక్కో పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకోండి. మొక్కుంది కదా అని తొందరపడి కొండెక్కొద్దు. అలిపిరి దారి 3550 మెట్లు, శ్రీవారి మెట్టులో మెట్లు తక్కువే గానీ నిటారుగా ఉంటాయి. కీమో జరుగుతా ఉంటే అడక్కుండా రెండూ వద్దు. డాక్టర్ ఒప్పుకున్నాక ముందు కొన్ని మెట్లెక్కి దిగి చూసుకోండి, మొత్తం ఎక్కే రోజు బ్యాగు ఆ భుజానికి తగిలించుకోకుండా అలిపిరి లగేజ్ కౌంటర్‌లో ఇచ్చేయండి, ఫ్రీగానే పైకి చేరుస్తారు.