కృతజ్ఞత చూపడం, మాట నిలబెట్టుకోవడం: రెండూ ఒకే అలవాటుగా ఎలా చేసుకోవాలి?

ఒకసారి ఉద్యోగానికి దరఖాస్తు రాత్రికి రాత్రే పంపాల్సి వచ్చింది. ఏం రాయాలో తోచక నేను తల పట్టుకుని కూర్చుంటే, ఒక స్నేహితుడు నిద్ర మానుకుని తెల్లవారుజామున రెండింటి దాకా నా పక్కనే ఉండి ప్రతి లైనూ సరిదిద్దాడు. వాడు బయల్దేరుతుంటే ఆ సంతోషంలో, "మీ పాపకి లెక్కలు రావట్లేదన్నావు కదా, ఆదివారం నేనొచ్చి చెప్తాలే" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆదివారం వచ్చింది, వెళ్ళిపోయింది. నాకు గుర్తే లేదు. చాలా రోజుల తర్వాత మాటల మధ్యలో తెలిసింది: ఆ రోజు పాప పొద్దున్నే లేచి, లెక్కల పుస్తకం ముందేసుకుని, రెండు పెన్సిళ్ళు చెక్కి పెట్టుకుని, మధ్యాహ్నం దాకా గుమ్మం వైపే చూస్తూ కూర్చుందట.

వాడు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రెండు పెన్సిళ్ళు మాత్రం నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కనపడతాయి.

వాడి మీద నాకు కృతజ్ఞత లేక కాదు, నిండా ఉంది. కానీ అది నా మనసులోనే ఉండిపోయింది, వాళ్ళింటికి చేరింది తప్పిన మాట ఒక్కటే. "ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న" అంటారు. మనలో చాలామందిమి కావాలని అలా చేయం, మర్చిపోతాం. అవతలివాళ్ళకు మాత్రం రెండూ ఒకేలా కనపడతాయి. అందుకే మేలు గుర్తుపెట్టుకోవడం, ఇచ్చిన మాట గుర్తుపెట్టుకోవడం అనే ఈ రెంటినీ అప్పటినుంచి నేను ఒకే పనిగా చేస్తున్నాను. అదెలాగో చెప్తాను.

1. ఒక నోటు పుస్తకం, ఎదురెదురు పేజీలు

చిన్న నోటు పుస్తకం తీసుకోండి. ఎడమ పేజీలో మీకు ఎవరు ఏం చేశారో, కుడి పేజీలో మీరు ఎవరికి ఏం చేస్తానన్నారో, ఎప్పటికి అన్నారో రాయండి. ఫోన్‌లో రాసుకున్నా తప్పు లేదు గానీ, రెండూ పక్కపక్కన కనపడాలి. ఎడమవైపు ఉన్న పేరే కుడివైపు కూడా ఉండి, పక్కన టిక్కు లేకపోతే వెంటనే కంట్లో పడుతుంది.

రాయడం ఎందుకంటారా? రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెకల్లా అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో ఒక బృందం చేత పది వారాల పాటు వారానికోసారి తమకు జరిగిన మంచి విషయాలు ఐదింటి వరకు రాయించారు. మరో బృందం చేత చికాకులు రాయించారు. మంచి రాసినవాళ్ళు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తితో ఉన్నట్టు తేలింది. గమనించండి, వారానికోసారే. ఎడమ పేజీని రోజూ నింపాలని టెన్షన్ పడక్కర్లేదు. బలవంతాన రోజూ రాస్తే అది హాజరు పట్టీ అయిపోతుంది. కుడి పేజీ సంగతి వేరు, దాన్ని రోజూ చూడాలి.

ఎడమ పేజీలో "ఆరోగ్యం, స్నేహితులు, కుటుంబం" అని రాస్తే ఉపయోగం లేదు. మూడో వారానికే విసుగొస్తుంది. జరిగింది జరిగినట్టు రాయండి: "రిపోర్టులో నేను చేసిన తప్పుని మీటింగులో అందరి ముందూ ఎత్తకుండా, తర్వాత పక్కకు పిలిచి చూపించింది." దాని కింద ఇంకో ముక్క తప్పనిసరిగా చేర్చండి: ఆ పని చేయడానికి వాళ్ళు ఏం వదులుకున్నారు? నిద్రా, సెలవా, డబ్బా, తమ మాట నెగ్గించుకునే అవకాశమా? నా అనుభవంలో కృతజ్ఞతకు ప్రాణం ఈ ప్రశ్నలోనే ఉంది. "సాయం చేశాడు" అని రాసినప్పుడు ఏమీ అనిపించదు. "పొద్దున ఆరింటికి డ్యూటీ ఉండి కూడా రెండింటి దాకా కూర్చున్నాడు" అని రాసినప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

2. రాసింది వాళ్ళ చెవిన వేయండి

పుస్తకంలో రాసుకుంటే మీకు మంచిది. చెప్తే ఇద్దరికీ మంచిది. అయినా చెప్పడానికి మొహమాటపడతాం. ఇప్పుడు చెప్తే ఏమనుకుంటారో, ఏదో ఆశించి పొగుడుతున్నాననుకుంటారేమో అని సందేహం. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో సరిగ్గా దీన్నే పరీక్షించారు. కృతజ్ఞత చెప్తూ ఉత్తరాలు రాసినవాళ్ళు, అందుకున్నవాళ్ళకు ఇబ్బందిగా ఉంటుందని అసలు ఉన్నదానికన్నా ఎక్కువ ఊహించుకున్నారు. వాళ్ళ సంతోషాన్ని మాత్రం తక్కువ అంచనా వేశారు. అంటే ఆ మొహమాటం చాలావరకు మన ఊహే.

ఏం చేశారో, దానివల్ల మీకు ఏం జరిగిందో చెప్తే చాలు. "అన్నా, మంగళవారం నా షిఫ్టు నువ్వు తీసుకున్నావు కాబట్టే నాన్న ఆపరేషన్‌కి ముందు ఆయన పక్కన ఉండగలిగాను. ఆయన నా చెయ్యి పట్టుకునే లోపలికి వెళ్ళారు." ఈ మాట ముందు "థాంక్యూ సో మచ్" అనే స్టిక్కరు వెలవెలబోతుంది.

ఇంట్లోవాళ్ళకు థాంక్స్ చెప్పడం కొందరికి ఎబ్బెట్టుగా ఉంటుంది, పరాయివాళ్ళతో మాట్లాడినట్టు. ఆ పదం వాడకండి. గమనించానని చెప్పండి చాలు: "అమ్మా, నేనొచ్చేదాకా లైటు వేసుకుని మేలుకునే ఉన్నావు, వీధి చివర్నుంచే కనపడింది."

ఎప్పుడో చెప్పాల్సి ఉండి చెప్పలేకపోయినవాళ్ళు ఉంటే, ఒక పేజీ రాసి స్వయంగా వెళ్ళి చదివి వినిపించండి. మార్టిన్ సెలిగ్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2005లో ప్రచురించిన పరిశోధనలో, ఇలా ఉత్తరం రాసి తీసుకెళ్ళి ఇచ్చినవాళ్ళలో ఆ సంతోషం ఒక నెల తర్వాత కూడా కనిపించింది.

3. సంతోషంలో మాట ఇవ్వకండి

నేను తప్పు చేసింది ఇక్కడే. ఎవరైనా మేలు చేసినప్పుడు మనసు పొంగి, వెంటనే ఏదో ఒకటి తిరిగి చేయాలనిపిస్తుంది. "అదెంత పని", "తప్పకుండా", "నేను చూసుకుంటాగా" అనేస్తాం. ఆ క్షణంలో చెప్పాల్సింది కృతజ్ఞత ఒక్కటే. మాట ఇవ్వడం మర్నాటికి వాయిదా వేయండి.

పైగా మన పని మనకు ఎంతసేపు పడుతుందో మనమే తక్కువ లెక్కేసుకుంటాం. డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వర్స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే ఈ పొరపాటును గుర్తించి 'ప్లానింగ్ ఫాలసీ' అని పేరు పెట్టారు. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో కాలేజీ విద్యార్థులు తమ థీసిస్ సగటున సుమారు 34 రోజుల్లో అయిపోతుందనుకున్నారు. పట్టింది 55 రోజులకు పైనే. కాబట్టి మాట ఇచ్చే ముందు "ఎంతసేపు పడుతుంది?" అని కాకుండా, "ఇలాంటి పని పోయినసారి ఎంతసేపు పట్టింది?" అని మిమ్మల్ని మీరే అడగండి. జవాబు వేరేలా వస్తుంది.

అన్నిటికన్నా చెడ్డ జవాబు "చూద్దాంలే". అన్నవాళ్ళ ఉద్దేశం కాదని, విన్నవాళ్ళ నమ్మకం అవునని. దాని బదులు "రేపు సాయంత్రంలోపు చెప్తాను" అనండి. అది కూడా మాటే, కుడి పేజీలో రాయండి. చేయలేనిది అయితే "ఈ నెల నా వల్ల కాదు" అని అప్పుడే చెప్పేయండి. వాళ్ళు ఇంకొకరిని అడగడానికి టైం మిగులుతుంది.

4. ఎప్పుడు, ఎక్కడ, దేని తర్వాత

"ఈ వారం ఫోన్ చేస్తాను" అనేది కోరిక. "శనివారం ఆఫీసు నుంచి దిగి, బండి తాళం తీసే ముందు ఫోన్ చేస్తాను" అనేది ఏర్పాటు. ఇలా సమయాన్నీ చోటునీ ముందే ముడివేసుకోవడం మీద పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చాలాకాలం పనిచేశారు. ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 2006లో 94 పరీక్షల ఫలితాలను కలిపి చూస్తే, అనుకున్నది పూర్తి చేయడంలో ఈ పద్ధతి బాగా పనికొస్తుందని తేలింది. కుడి పేజీలో ప్రతి మాట పక్కనా ఈ ముక్క ఉండాలి.

5. తప్పేలా ఉంటే ముందే చెప్పండి, తప్పితే ఒప్పుకోండి

ఎంత జాగ్రత్తపడ్డా కొన్ని తప్పుతాయి. కుదరదని తెలిసిన నిమిషంలోనే చెప్పండి. గడువు దాటాక చెప్తే అది సమాచారం కాదు, సంజాయిషీ. మెసేజ్ పొట్టిగా ఉండాలి: "శుక్రవారానికి ఇస్తానన్న ఫైల్ అవ్వదు. సోమవారం పదింటికి ఇస్తాను. మొదటి సగం ఇప్పుడే పంపుతున్నాను." మీకు ఎన్ని పనులున్నాయో చెప్పే కథ అక్కర్లేదు.

పూర్తిగా తప్పితే, మాట ఎవరికి పోయిందో వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. నేను ముందు స్నేహితుడికి సారీ చెప్పాను. తర్వాత తట్టింది, ఎదురుచూసింది వాడు కాదు. వెళ్ళి పాప ముందు కూర్చుని, "ఆ ఆదివారం వస్తానని రాలేదు, తప్పు నాది. ఇకనుంచి నాలుగు ఆదివారాలు, పది నుంచి పదకొండు దాకా వస్తాను" అన్నాను. పాప ఏమీ అనలేదు. మొదటి ఆదివారం నేను వెళ్ళి కూర్చున్నాకే లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చుకుంది. మూడో ఆదివారానికి పుస్తకం తెరిచే ఉంది.

ఒక జాగ్రత్త

చేసిన మేలును పదేపదే ఎత్తిచూపి, దానికి బదులుగా ఇష్టం లేని పనులు చేయించుకునేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళు చేసిన మంచిని ఎడమ పేజీలో నిజాయితీగా రాయండి. కుడి పేజీలో ఏం రాయాలో మాత్రం మీరే నిర్ణయించుకోండి. కృతజ్ఞత అంటే లొంగి ఉండటం కాదు.

ఇక అలవాటు కావడానికి ఎన్నాళ్ళంటే, ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలి బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టింది. మనిషినిబట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం కనపడలేదు. అందుకని మొదటి వారం కుడి పేజీతోనే మొదలుపెట్టండి. ఇప్పటికే ఎవరెవరికి ఏం మాటిచ్చారో కూర్చుని గుర్తుచేసుకుని రాయండి, అరగంట పడుతుంది. వాటిలో అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా చిన్నది ఒకటి ఎంచుకోండి. తిరిగివ్వని పుస్తకం కావచ్చు, పంపని ఫోటో కావచ్చు. రేపు దాన్ని పూర్తిచేసి పక్కన టిక్కు పెట్టండి.