విండోస్ 11కు మారాక పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగియడంతో, పెళ్లిపత్రికలూ కరపత్రాలూ కంపోజ్ చేసే డీటీపీ సెంటర్లకు విండోస్ 11కు మారక తప్పని పరిస్థితి వచ్చింది. మారిన తర్వాత పేజ్‌మేకర్ వంటి పాత సాఫ్ట్‌వేర్ పనిచేయకపోతే, మరమ్మతుకు ముందే చూసుకోవలసింది గడువు. అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల లోపు సెట్టింగ్స్‌లోని సిస్టమ్, రికవరీ విభాగంలో ‘గో బ్యాక్’ నొక్కి వెనక్కి వెళ్లవచ్చు. స్థలం కోసం, పాత విండోస్‌ను దాచి ఉంచే విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌ను తొలగించినవారికి ఆ దారి మూసుకుపోతుంది.

లక్షణం: తెలుగు ఉండవలసిన చోట పొంతనలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి.

ఫైలు పాడైందని కంగారుపడి మళ్లీ టైపు చేయించేవారు ఉంటారు గానీ, సాధారణంగా ఫైలుకు ఏమీ కాదు. ప్రతి భాష అక్షరానికీ ప్రత్యేక సంకేతాన్నిచ్చే యూనికోడ్ పద్ధతికి ముందరి తెలుగు ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు రూపాలను అమర్చుకున్నాయి కనుక, ఫాంటు అందకపోతే అడుగునున్న ఇంగ్లిష్ అక్షరాలు బయటపడతాయి. ఫాంటును ఇన్‌స్టాల్ చేసినా జాబితాలో కనిపించకపోవడానికి ఒక కారణం ఉంది. 2018 నాటి 1809 వెర్షన్ నుంచి విండోస్, మామూలుగా ఇన్‌స్టాల్ చేసిన ఫాంటును ఆ యూజర్ ఖాతాకు మాత్రమే పరిమితం చేసి వేరే ఫోల్డర్‌లో ఉంచుతోంది. పాత సాఫ్ట్‌వేర్‌లో కొన్ని అక్కడ వెతకవు. ఫాంటు ఫైలుపై రైట్ క్లిక్ చేసి, ‘షో మోర్ ఆప్షన్స్’లో ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ ఎంచుకుని, సాఫ్ట్‌వేర్‌ను మూసి తెరవాలి.

లక్షణం: యూఎస్‌బీ లాక్ పెట్టినా ‘లాక్ దొరకలేదు’ అంటుంది.

యూఎస్‌బీ లాక్ అంటే, పెట్టి ఉంటేనే సాఫ్ట్‌వేర్ నడిచేలా చేసే చిన్న తాళం వంటి పరికరం. ఇది ప్రధానంగా డ్రైవర్, అంటే ఆ పరికరాన్ని విండోస్ గుర్తించేలా చేసే ప్రోగ్రాము, సమస్య. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం పక్కన పసుపు హెచ్చరిక గుర్తు ఉంటే, లాక్ తయారుచేసిన సంస్థ ఇచ్చే కొత్త 64 బిట్ డ్రైవర్‌ను ఎక్కించాలి. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ కింద ఉన్న ‘మెమరీ ఇంటెగ్రిటీ’ అనే రక్షణ ఏర్పాటు కూడా కొన్ని పాత డ్రైవర్లను అడ్డుకుంటుంది. దాన్ని ఆపేస్తే పని నడవవచ్చు. అయితే పరాయి పెన్‌డ్రైవ్‌లు రోజూ వచ్చిపోయే డీటీపీ సెంటర్‌లో ఆ రక్షణను వదులుకోవడం మంచి బేరం కాదు.

లక్షణం: ‘ఈ యాప్ మీ పీసీలో నడవదు’ అనే సందేశం వస్తుంది.

పాత విండోస్ 32 బిట్‌ది అయి, దాన్ని తుడిచేసి విండోస్ 11ను కొత్తగా ఎక్కించినవారు మరీ పాత తరానికి చెందిన 16 బిట్ ప్రోగ్రాములను అనుమానించాలి. విండోస్ 11కు 32 బిట్ కూర్పు లేదు. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను నడపదు. 1990ల నాటి సాఫ్ట్‌వేర్‌లో అసలు ప్రోగ్రాము 32 బిట్‌దే అయినా, దాని సెటప్ ఫైలు 16 బిట్‌ది కావడం కద్దు. ఇక్కడ కంపాటిబిలిటీ సెట్టింగులు ఎన్ని మార్చినా ఫలితం ఉండదు. వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్‌లోనే మరో కంప్యూటర్‌లా నడిచే సాఫ్ట్‌వేర్‌లో, పాత 32 బిట్ విండోస్‌ను ఎక్కించి, దానికి ఇంటర్నెట్ ఇవ్వకుండా వాడుకోవడం ఆచరణకు తగిన మార్గం.

లక్షణం: తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోతుంది.

స్టార్ట్ మెనూలో ‘రిలయబిలిటీ హిస్టరీ’ అని వెతికి, ఆ రోజు ఎర్ర గుర్తుపై నొక్కితే ఏ ఫైలు దగ్గర ఆగిందో తెలుస్తుంది. ఎంఎస్‌వీసీపీ140.డీఎల్ఎల్ లేదని సందేశం వస్తే, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి, ఆ ఫైలుతో కూడిన విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే ప్యాకేజీని తెచ్చుకోవాలి. 64 బిట్ విండోస్‌లోనైనా 32 బిట్ సాఫ్ట్‌వేర్‌కు దాని 32 బిట్ కూర్పే కావాలి. ఆ ఒక్క డీఎల్ఎల్‌ను ఊరూపేరూ లేని సైట్ల నుంచి దించుకోవద్దు. ఏ ఫైలూ లోపించలేదని తేలితేనే, ప్రోగ్రాము ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీ ట్యాబ్‌లో విండోస్ 7ను, అదీ పనిచేయకపోతే విండోస్ ఎక్స్‌పీని ఎంచుకుని చూడాలి.