ఆన్‌లైన్‌లో అంతర్జాతీయ సంబంధాల చదువు: దరఖాస్తు విధానం

కోనసీమలో ఎంబసీ అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు, గల్ఫ్ వలసలు అంతా నేర్పాయి. ఆ ఎంబసీల వెనకున్న చదువును ఇప్పుడు ఇంట్లో కూర్చునే చదవొచ్చు.

ముందు రుచి చూడాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్ ఉంది. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. పీజీయే చేయాలనుకుంటే డిగ్రీ పాసై ఉండాలి. కేంద్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నోలో ఎంఏ పొలిటికల్ సైన్స్ మొదటి ఏడాదిలో అంతర్జాతీయ సంబంధాల పేపర్ తప్పనిసరిగా ఉంటుంది. అది దూరవిద్యే అయినా దరఖాస్తు మొత్తం ఆన్‌లైన్లోనే. ప్రవేశాలు జనవరి, జూలై సెషన్లకు. వేరే యూనివర్సిటీ అయితే ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్యా విభాగం గుర్తింపు ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి.

అసలు చిక్కు ఫారంలో లేదు, పేరులో ఉంది. మొదట డిజిలాకర్‌లో ఏబీసీ ఐడీ (మన చదువు క్రెడిట్లు దాచే ఖాతా నంబర్) తీసుకోవాలి. దానికి ఆధార్‌కు లింకైన ఫోన్ చేతిలో ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది. ఆ తర్వాత యూజీసీ సైట్‌లో డెబ్ ఐడీ, అంటే ఆ దూరవిద్యా విభాగం ఇచ్చే నంబర్. ఇది లేకపోతే దరఖాస్తు ముందుకు కదలదు. ఈ రెండు ఐడీల్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి. మా చెల్లి టెన్త్ మెమోలో 'జి' అని పొడి అక్షరం, ఆధార్‌లో 'గుబ్బల' అని పూర్తి ఇంటిపేరు. అమలాపురంలో నెట్ సెంటర్ కుర్రాడు మెమో చూసి కొట్టేశాడు, మూడుసార్లూ ఎర్ర అక్షరాలే వచ్చాయి. ఆధార్‌లో ఉన్నట్టు కొడితే క్షణంలో అయిపోయింది. ఆధార్‌లోనే తప్పుంటే ముందే సరిచేయించుకోండి. కానీ పేరు మార్పుకు జీవితంలో రెండే అవకాశాలు, తొందరపడకండి.

 

ఇగ్నోకైతే ఫొటో, సంతకం 100 కేబీ లోపు స్కాన్ చేసుకోండి. ఈమెయిల్, ఫోన్ నంబర్ మీవే ఇవ్వండి, నెట్ సెంటర్‌వి వద్దు. ఆ తర్వాత హాల్‌టికెట్ కబురు దాకా అన్నీ వాటికే వస్తాయి. ఫీజు కట్టేటప్పుడు డబ్బు కట్ అయి రసీదు రాకపోతే టెన్షన్‌లో మళ్లీ కట్టేయకండి. ఒక రోజు ఆగి, లాగిన్ అయి స్టేటస్ చూడండి.