వానలు మొదలయ్యేలోపే 1.3 మల్టీజెట్ డీజిల్ కారుకు చేయించుకోవాల్సినవి

మృగశిర కార్తె వచ్చేలోపు డీజిల్ కారు ఉన్నవాళ్లు ఒక పూట దాని కోసం కేటాయించాలి. ముఖ్యంగా స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, పాత ఎర్టిగా డీజిల్ బళ్లు, టాటా విస్టా క్వాడ్రాజెట్, మాంజా, జెస్ట్, ఫియట్ పుంటో, లీనియా నడుపుతున్నవాళ్లు. పేర్లు వేరైనా వీటన్నింటి బానెట్ కింద ఉన్నది ఒకే కుటుంబానికి చెందిన ఇంజన్, ఫియట్ రూపొందించిన 1.3 మల్టీజెట్. దాన్నే మారుతి డీడీఐఎస్ అని, టాటా క్వాడ్రాజెట్ అని పేర్లు పెట్టి అమ్ముకున్నాయి.

1248 సీసీ, నాలుగు సిలిండర్లు, 16 వాల్వులు, గాలిని నొక్కి పంపే టర్బో, అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టం నుంచి అధిక పీడనంతో డీజిల్ పంపే కామన్ రైల్. స్విఫ్ట్‌లో 75 పీఎస్ పవర్, 190 న్యూటన్ మీటర్ల టార్క్. ఎర్టిగా, మాంజాల్లో వచ్చిన 90 పీఎస్ రకానికి వేరియబుల్ టర్బో, 200 న్యూటన్ మీటర్లు. 2007లో స్విఫ్ట్ డీజిల్‌తో మన రోడ్ల మీద బాగా పాతుకుపోయింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. అంటే ఇప్పుడు తిరుగుతున్న మారుతి డీజిల్ బళ్లలో కొత్తది కూడా 2020 నాటిదే. ఆయిల్ టైముకి మారిస్తే లక్షల కిలోమీటర్లు నడిచే గట్టి ఇంజన్ ఇది. ట్యాక్సీ డ్రైవర్లు దీన్ని వదలకపోవడానికి కారణం కూడా అదే. ఇంత గట్టి ఇంజన్‌ని కూడా ఒక్క వాన, ఒక్క నిమిషంలో పనికిరాకుండా చేయగలదు. అందుకే ముందే చూసుకోమని ఇంతగా చెప్పడం.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. 1248 సీసీని నాలుగు సిలిండర్లకు పంచితే ఒక్కోదానికి 312. ఈ ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి సుమారు 17.6. అంటే పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు దాని మీద మిగిలే ఖాళీ 19 మిల్లీలీటర్లకు మించదు. నాలుగు టీస్పూన్లు కూడా ఉండదు. గాలి నొక్కుకుపోతుంది, నీళ్లు నొక్కుకోవు. ఆ ఖాళీకి మించి నీళ్లు సిలిండర్‌లోకి చేరితే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఒక్కోసారి విరిగి ఇంజన్ బ్లాకునే పగలగొడుతుంది. పెట్రోల్ ఇంజన్‌కీ ఈ ప్రమాదం ఉంది. కానీ కంప్రెషన్ ఎక్కువ కాబట్టి డీజిల్ ఇంజన్‌లో ఖాళీ మరీ తక్కువ, రాడ్ మీద పడే దెబ్బ మరీ ఎక్కువ.

కాబట్టి మొదట చూడాల్సింది గాలి దారి. బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ డబ్బా దగ్గర నుంచి ముందుకు వెళ్లే గొట్టాన్ని చివరిదాకా వేలితో పట్టుకుని వెళ్లండి. గాలి పీల్చే మూతి ఎక్కడుందో కనిపెట్టి, నేల నుంచి దాని ఎత్తు టేపుతో కొలవండి. పాత బళ్లలో చిన్న యాక్సిడెంట్ తర్వాత బంపర్ విప్పి బిగించేటప్పుడు ఈ గొట్టం క్లిప్పు ఊడిపోయి కిందకి వేలాడుతుండటం తరచూ జరుగుతుంది. అలాంటప్పుడు కంపెనీ పైన పెట్టిన మూతి కాస్తా కిందకి దిగిపోయినట్టే. కొలిచిన ఎత్తు ఎంతున్నా, నీళ్లు అంతవరకూ వచ్చినా ఫర్వాలేదని అనుకోవద్దు. కారు కదిలితే ముందు అల లేస్తుంది, ఎదురుగా బస్సు వస్తే ఇంకా పెద్ద అల వస్తుంది. నా మట్టుకు సగం చక్రం మునిగే నీళ్లే హద్దు. అంతకు మించితే వెనక్కి తిప్పుకోవడమే మంచిది, పది కిలోమీటర్లు చుట్టు తిరిగి వెళ్లాల్సి వచ్చినా సరే.

ఫిల్టర్ డబ్బా మూత క్లిప్పులన్నీ గట్టిగా పడుతున్నాయా చూడండి. లోపల కాగితం తడిసిన మరకలుంటే కొత్తది వేయండి. టర్బో నుంచి ఇన్‌టేక్‌కి వెళ్లే రబ్బరు పైపులు పదేళ్లు దాటాక చీలుతాయి. పికప్ తగ్గి నల్లపొగ ఎక్కువైతే ముందు వాటినే అనుమానించాలి. వరద రోడ్డు మధ్యలో బండి లాగకపోతే పడే టెన్షన్ మామూలుగా ఉండదు. పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసితో మూసుకుపోయినా ఇదే లక్షణం. ఎక్కువగా సిటీలోనే తిరిగే బండి అయితే ఆ వాల్వు కూడా విప్పించి శుభ్రం చేయించండి.

రెండో దారి డీజిల్. వానాకాలంలో బంకుల భూగర్భ ట్యాంకుల్లోకి నీళ్లు దిగడం, మన ట్యాంకులో ఖాళీ ఎక్కువగా ఉంటే గాలిలోని తేమ నీరుగా మారడం, రెండూ ఉంటాయి. నీళ్లు డీజిల్ కన్నా బరువు, కాబట్టి అడుగుకి చేరతాయి. ఈ ఇంజన్‌లో కామన్ రైల్ పీడనం 1600 బార్ దాకా వెళ్తుంది. టైరులో మనం పెట్టించే గాలి 2 బార్ చిల్లర. అంత పీడనం పుట్టించే హైప్రెషర్ పంపుకి వేరే ఆయిల్ అంటూ ఉండదు, డీజిలే దానికి జిడ్డు. డీజిల్‌లో నీళ్లు కలిస్తే పంపు లోపల ఇనుము ఇనుముతో రాసుకుంటుంది, ఆ పొడి నేరుగా సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లలోకి పోతుంది. అప్పుడు పంపు, నాజిళ్లు, కామన్ రైల్ అన్నీ మార్చాల్సి రావచ్చు. పాత బండి విలువతో పోలిస్తే ఆ ఖర్చు భరించలేం.

దీనికి అడ్డం నిలిచేది ఒక్క డీజిల్ ఫిల్టరే. నీటిని వేరు చేసి అడుగున పట్టి ఉంచుతుంది. వానాకాలానికి ముందు దాని కింది స్క్రూ వదులు చేసి ఒక గాజు గ్లాసులోకి కొంచెం దించమని మెకానిక్‌ని అడగండి, మీరు పక్కనే నిలబడి చూడండి. రెండు నిమిషాలు కదపకుండా ఉంచితే నీళ్లు ఉన్నాయో లేదో కంటికే తెలుస్తుంది. అడుగున తెల్లగా గుండ్రటి బొట్లు, పైన డీజిల్. బొట్లు కనిపిస్తే పూర్తిగా దించేయాలి, ఫిల్టర్ మార్చే గడువు దగ్గర పడితే కొత్తదే వేయాలి. మార్చాక లైన్లో గాలి తీసేయకుండా సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టనివ్వకండి. డ్యాష్‌బోర్డులో ఫిల్టర్ లైటు వెలిగితే ఊరికి చేరాక చూద్దాంలే అనుకోవద్దు.

వానలు పడినన్నాళ్లూ ట్యాంకు సగానికి తగ్గకుండా చూసుకోవడం మంచి అలవాటు. బంకులో ట్యాంకర్ డీజిల్ దించుతున్నప్పుడు పోయించుకోకండి, అడుగున ఉన్న మురికీ నీళ్లూ అప్పుడే పైకి లేస్తాయి. పల్లెల్లో ట్రాక్టర్ కోసం డబ్బాల్లో నిలవ పెట్టిన డీజిల్ ఉంటుంది. కామన్ రైల్ కారుకి దాన్ని అస్సలు పోయొద్దు.

ఇక ఇంజన్ ఆయిల్. ఈ ఇంజన్‌కి టైమింగ్ బెల్టు బదులు చైను ఉంటుంది, దాన్ని బిగువుగా పట్టి ఉంచేది ఆయిల్ ప్రెషరే. టర్బో నిమిషానికి లక్షకు పైగా తిరుగుతూ ఆ ఆయిల్ పొర మీదే ఆధారపడుతుంది. వానాకాలంలో వచ్చే చిక్కు ఏంటంటే, నీళ్లు నిండిన గుంత లోతు కనపడదు. ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్ రాయికి తగిలి చిన్న పగులు ఇస్తే, ఆయిల్ దారి పొడుగునా కారిపోతుంది, వానలో కింద మరక కూడా కనిపించదు. ఎర్ర ఆయిల్ లైటు వెలిగిందంటే అదే క్షణంలో పక్కకి తీసి ఇంజన్ ఆపాలి. పెద్ద గుంతలో దెబ్బ తగిలితే దిగి కింద చూడండి, కాసేపయ్యాక డిప్‌స్టిక్ చూడండి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే చైను వైపు నుంచి గలగలమని శబ్దం వస్తుంటే జూన్ దాకా ఆగకండి. చైను పళ్లు దాటితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. ఆయిల్ గ్రేడు మాన్యువల్లో ఉన్నదే పోయించండి. కొత్త ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడటం డీజిల్‌లో మామూలే, దానికి భయపడక్కర్లేదు.

ఆల్టర్నేటర్, వాటర్ పంప్ తిప్పే బెల్టుకి పగుళ్లుంటే మార్చేయండి, తడిసినప్పుడు జారుతుంది. ఎలుకల సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. వానకి పొడి చోటు వెతుక్కుంటూ ఇంజన్ మీదికి చేరి నాజిళ్ల వైర్లు, సన్నటి రిటర్న్ పైపులు కొరికేస్తాయి. వాడకుండా నిలిపిన బండిని రెండు రోజులకోసారి బానెట్ ఎత్తి చూడాలి.

ఇన్సూరెన్స్ కాగితాలు ఇప్పుడే తీసి చదవండి. మామూలు ఫుల్ పాలసీ ఉన్నా, నీళ్లలో సెల్ఫ్ కొట్టడం వల్ల ఇంజన్ పోతే చాలా కంపెనీలు ఆ నష్టం ఇవ్వవు, దానికి ఇంజన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ ఉండాలి. పాత బళ్లకు ఆ యాడ్ ఆన్ దొరకడం కష్టం. ఈ ఇంజన్ ఉన్నవన్నీ ఇప్పుడు పాత బళ్లే కాబట్టి, రిపేరు ఖర్చు మన జేబులోంచే అనుకుని జాగ్రత్తపడటం మేలు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ కాలనీల్లో, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్‌లో ఇంటి ముందు నిలిపిన కార్లే మునిగిపోయాయి. హెచ్చరిక రాగానే బండిని ఎత్తు మీదికో, ఫ్లైఓవర్ పక్కకో చేర్చి, బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కోస్తా వాళ్లకి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల కాలం కూడా ఇందులో లెక్కే.

తప్పనిసరై నీళ్లలోకి దిగాల్సి వస్తే ఏసీ ఆపేయండి, ఫ్యాన్ రెక్కలు నీళ్లను కొట్టే అవకాశం తగ్గుతుంది. ఎదుటి లారీ దాటిపోయేదాకా ఆగి, ఫస్ట్ గేరులో ఒకే వేగంతో, మధ్యలో కాలు తీయకుండా వెళ్లిపోవాలి. గేరు మార్చొద్దు, ఒక్కసారిగా రేజ్ చేయొద్దు. బయటికొచ్చాక బ్రేకులు ఆరేదాకా మెల్లగా తొక్కుతూ వెళ్లండి.

బండి నీళ్లలో ఆగిపోతే ఇక అక్కడ చేయాల్సింది ఏమీ చేయకుండా ఉండటమే. చుట్టూ మూగినవాళ్లలో ఒకరైనా "ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూడండి సార్" అంటారు. మంచికే అంటారు, కానీ వినొద్దు. ఆగిపోయినప్పటికి రాడ్లు ఇంకా బాగానే ఉండి ఉండొచ్చు, చాలా ఇంజన్లు చచ్చేది ఆ తర్వాత కొట్టిన సెల్ఫ్‌తోనే. గేరులో వేసి తోయించి స్టార్ట్ చేయడం కూడా అంతే ప్రమాదం. తాళం ఆఫ్ చేసి, న్యూట్రల్‌లో వేసి ఒడ్డుకు తోయించండి, బ్యాటరీ తీయించండి, టోయింగ్ బండి మీద షెడ్డుకి పంపండి.

షెడ్డులో ముందు ఎయిర్ ఫిల్టర్ తడిసిందో లేదో చూడాలి. తడిస్తే సిలిండర్లకు ఉండే హీటర్ ప్లగ్గులు నాలుగూ విప్పి, పానాతో ఇంజన్‌ని చేత్తో తిప్పాలి, లోపలి నీళ్లు ఆ రంధ్రాల నుంచి బయటికి చిమ్ముతాయి. టర్బో పైపులు, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉంటే అది కూడా విప్పి నీళ్లు దించాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉన్నా, మట్టం పెరిగినా ఆయిల్, ఫిల్టర్ మార్చాలి, కాసేపు నడిపాక మళ్లీ ఇంకోసారి మార్చాలి. డీజిల్ ట్యాంకులోకి, ఫిల్టర్‌లోకి నీళ్లు చేరాయేమో చూడకుండా స్టార్ట్ చేయనివ్వకండి. స్టార్ట్ అయింది కదా అని వెంటనే బండి తెచ్చుకోవడం కూడా పొరపాటే. కొద్దిగా వంగిన రాడ్ ఆ రోజు నడుస్తుంది, నెల తర్వాత హైవే మీద విరుగుతుంది. నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ ఒకే తీరుగా ఉందని గేజ్ పెట్టించి చూశాకే బిల్లు కట్టండి.