అన్నవాహిక క్యాన్సర్: ఇంటి చరిత్ర రాసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి

నాన్న అన్నవాహిక క్యాన్సర్‌తో పోయిన ఏడాదికి, 52 ఏళ్ల మా అన్నయ్య రాత్రిళ్లు పుల్లటి తేన్పులు, గుండెల్లో మంటతో నిద్ర లేస్తున్నాడని వదిన చెప్పింది. జీన్ టెస్టు చేయించుకుంటానన్నాడు. డాక్టరుగారు మాత్రం "నాన్నగారి బయాప్సీ రిపోర్టు ఏదీ?" అని అడిగారు. మా దగ్గర బిల్లులున్నాయి, స్కాన్ ఫిల్ములున్నాయి, అదొక్కటే లేదు.

కాబట్టి ముందు ఆ కాగితం సంపాదించండి. పాత కేసు షీటు నంబరు ఇస్తే మాకు ల్యాబ్‌లో మళ్లీ ప్రింటు తీసిచ్చారు. ఈ క్యాన్సర్‌లో ముఖ్యంగా రెండు రకాలు. అందులో స్క్వామస్ అని ఉందో, ఎడినోకార్సినోమా (ఎడినో) అని ఉందో చూడండి. మన దేశంలో స్క్వామసే ఎక్కువ, దాని వెనక పొగాకు, మద్యం ఉంటాయి. నాన్నది ఎడినో. ఏళ్ల తరబడి ఆమ్లం పైకి తన్ని అన్నవాహిక అడుగున పొర పేగు పొరలా మారిపోవడాన్ని బారెట్స్ అంటారు. ఎడినో ఎక్కువగా అక్కడి నుంచే మొదలవుతుంది. కొన్ని కుటుంబాల్లో ఇది ఒకరి తర్వాత ఒకరికి వస్తుంది. అయితే దీని వెనక చిన్న చిన్న ప్రభావం చూపే జన్యువులు చాలా ఉన్నాయి. ఒక్క రక్తపరీక్షతో తేలదు.

తర్వాత మూడు తరాలు రాయండి: ఎవరికి, ఏ వయసులో, ఏ అవయవంలో. పెద్దవాళ్లను జబ్బు పేరు అడిగితే లాభం లేదు. తాతయ్య "కడుపులో పుండుతో పోయాడు" అంది మేనత్త. "ముద్ద దిగేదా అత్తా? నీళ్లతో నెట్టుకునేవాడా?" అని అడిగితే, "ఆర్నెల్లు జావేరా" అంటూ కళ్లు తుడుచుకుంది. తాతయ్య పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టాం.

అరుదైనవి రెండు కూడా అడగండి. చిన్నప్పటి నుంచే అరచేతులు, అరికాళ్ల చర్మం మందంగా ఉన్నవాళ్లున్నారా? పొలం పని చేతులని వదిలేయకండి. 1958లో లివర్‌పూల్ కుటుంబాల్లో గుర్తించిన టైలోసిస్ ఇది. ఆర్‌హెచ్‌బీడీఎఫ్2 జన్యులోపం వల్ల స్క్వామస్ క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ, 20 ఏళ్లు దాటాక ఎండోస్కోపీలు మొదలుపెట్టమంటారు. జన్యుపరీక్ష నిజంగా పనికొచ్చేది ఇలాంటి ఇళ్లలోనే. మేనరికాలుంటే అదీ రాయండి. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం వస్తే కలిగే ఫ్యాంకోనీ ఎనీమియా అనే అరుదైన రక్తజబ్బులో చిన్న వయసులోనే నోరు, అన్నవాహిక క్యాన్సర్లు రావచ్చు.

ఇప్పటికే ముద్ద అడ్డుపడుతుంటే, బరువు తగ్గుతుంటే, ఈ కాగితాల కోసం ఆగకండి. ఈ వారమే వెళ్లండి.

అన్నయ్యకు చాలాకాలపు మంట, 50 దాటిన మగవాడు, సిగరెట్లు, పైగా నాన్న. ఎండోస్కోపీ చేశారు. రెండు సెంటీమీటర్ల బారెట్స్, డిస్‌ప్లేసియా (క్యాన్సర్‌కు ముందు కణాల్లో వచ్చే మార్పు) లేదు. ఇలాంటివాళ్లలో క్యాన్సర్‌గా మారేది ఏడాదికి నూటికి ఒక్కరికన్నా తక్కువేనని డాక్టరుగారు చెప్పాక వదిన ఊపిరి పీల్చుకుంది. ఆమ్లం తగ్గే మాత్రలిచ్చి, ఐదేళ్లకు మళ్లీ రమ్మన్నారు. ఆ రాత్రే అన్నయ్య కాగితం తెరిచి, తన పేరు కింద ఇద్దరు పిల్లల పేర్లు రాశాడు.