ఇంగ్లీషు మాటలు – 14వ పాఠం: హార్బర్

కిందటి పాఠంలో యాంకర్ అనే మాట నేర్చుకున్నాం. ఈసారి ఓడ తలదాచుకునే చోటుకు వద్దాం. తెల్లవారుజామున చేపల కోసం ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లే విశాఖవాసులకు ఈ మాట కొత్త కాదు. అదే మాట క్రియగా ఎదురైతే మాత్రం చాలామంది తడబడతారు. అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగం క్రియకే కేటాయించాను.

ముందుగా నామవాచకం. పోర్టు, హార్బర్ ఒకటి కావు. సరుకు ఎక్కించడం, దించడం, క్రేన్లు, గోదాములు, సుంకాలు పోర్టుకు చెందుతాయి. అలల తాకిడి లేని నీళ్లు హార్బర్. విశాఖ పోర్టు 1933లో మొదలైంది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటు ఉన్నా అది చాలక, నిర్మాణ సమయంలో రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డుకట్ట వేశారు. ఓడకు దొరికిన ఆ రక్షణే హార్బర్. ప్రాచీన ఇంగ్లీషులో దీని మూలపదానికి సైన్యపు విడిది అని అర్థం. అంటే ఓడల కంటే ముందు మనుషులకు ఆశ్రయమిచ్చిన మాట ఇది.

క్రియలో ఆ పాత అర్థమే మిగిలింది: ఆశ్రయమివ్వడం. కానీ దానికి ఒక చెడు ఛాయ పట్టింది. నేరస్థుడిని దాచిపెడితే హార్బర్ చేసినట్టు. 2024 దాకా అమల్లో ఉన్న భారతీయ శిక్షాస్మృతిలో 212వ సెక్షన్ ఆ నేరం గురించే ఉండేది. కాబట్టి పండక్కి వచ్చిన పెద్దనాన్నగారిని వారం రోజులు ఇంట్లో ఉంచుకున్నామని చెప్పడానికి ఈ క్రియ వాడకండి. వినేవారికి ఆయన పోలీసులకు దొరకకుండా తిరుగుతున్నారని అనిపిస్తుంది.

ఇక మనసు సంగతి. ‘జరిగిందేదో జరిగింది, మనసులో పెట్టుకోకు’ అంటాం కదా, ఆ పెట్టుకోవడమే హార్బర్. గ్రడ్జ్ అంటే కక్ష, డౌట్ అంటే అనుమానం. రెండూ ఈ క్రియతో చక్కగా కలుస్తాయి. పైకి చెప్పకుండా చాలాకాలం దాచుకున్నదై ఉండాలి, అదే ముఖ్యం. అప్పటికప్పుడు వచ్చి పోయే కోపానికి ఇది నప్పదు. ఆశకు, ఆశయానికి కూడా వాడతారు, అవి లోలోపలే ఉన్నప్పుడు.

అభ్యాసం: వీటిలో హార్బర్ ఎక్కడ కుదురుతుందో రాసి చూడండి.

బస్సు ఆపలేదని కండక్టర్ మీద కేకలేశాడు.

ఆస్తి పంపకాలనాటి కోపం తమ్ముడి మీద ఇంకా ఉంది.

నిలవ నీటిలో క్రిములు ఉంటాయి.

మూడోది తేలిగ్గా కొట్టేయకండి. జవాబులు వచ్చే పాఠంలో, బెర్త్ అనే మాటతో పాటు.